ఎల్లలు దాటే వేళ

పాఠ్యాంశ ఉద్దేశం

చదువు కోసం, ఉపాధి కోసం, వ్యాపారం కోసం విదేశాలకు వెళ్ళే తెలుగువారి సంఖ్య నానాటికీ పెరుగుతున్నది. పరదేశంలో ఎదురయ్యే నేరాల స్వరూపాన్ని యథార్థ సంఘటనల ద్వారా వివరించి, భయానికీ జాగరూకతకూ గల భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతానికి వలస కొత్త కాదు. వానలు ముఖం చాటేసిన ఏడాది ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు ప్రాంతాల పల్లెలలో ఇళ్ళకు తాళాలు పడతాయి. కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాల పనులకు తరలిపోతాయి. ఇలా పనుల కాలంలో ఊరు విడిచి వెళ్ళడాన్ని ఇక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి బతుకులో కష్టం ఉన్నది, కన్నీరు ఉన్నది. అయినా ఒక ధైర్యం కూడా ఉన్నది. పనికి తీసుకొని వెళ్ళే మేస్త్రి తమ ఊరివాడో, పొరుగూరివాడో అయి ఉంటాడు. కూలి డబ్బులు ఎగ్గొడితే అతని ఇంటి ముందు కూర్చొని అడగవచ్చు. ఊరిపెద్దల ఎదుట నిలదీయవచ్చు.

వ్యాపారంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఆదోని పత్తి వ్యాపారానికి పేరు పొందిన పట్టణం. రైతు తెచ్చిన పత్తిని మార్కెట్ యార్డులో పరిశీలిస్తారు, ధర ఖాయం చేస్తారు, కాటా మీద తూకం వేస్తారు, చీటీ రాస్తారు. కమీషన్ ఏజెంటు కొట్టు ఎక్కడ ఉన్నదో, అతని తండ్రి ఎటువంటివాడో కూడా రైతుకు తెలుసు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప కృషితో చేనేత సహకార సంఘం ఏర్పడింది. సహకార పద్ధతిలో నేతగానికి ఇచ్చిన నూలు ఎంత, తిరిగి వచ్చిన బట్ట ఎంత, చెల్లించవలసిన మజూరీ ఎంత అనే విషయాలు పుస్తకంలో నమోదవుతాయి. కష్టజీవికి ఆ పుస్తకమే సాక్షి.

ముఖపరిచయం, రాతపూర్వకమైన లెక్క - ఈ రెండింటి మీద మన వ్యవహారాలు నడుస్తున్నాయి. దేశం ఎల్లలు దాటినప్పుడు మొదటిది మనతో రాదు. అక్కడి మేస్త్రి ఇల్లు మనకు తెలియదు. అక్కడి భాష, చట్టం, పోలీసు, న్యాయస్థానం అన్నీ కొత్తవే. ఇక మిగిలేది కాగితం ఒక్కటే. పరదేశంలో నేరగాడు మన బలహీనతను కనిపెట్టేది కూడా సరిగ్గా ఇక్కడే. ఈ సత్యాన్ని గ్రహిస్తే విదేశీ జీవనంలో ఎదురయ్యే అనేక ప్రమాదాలను ముందే నివారించుకోవచ్చు.

ప్రమాదాల నిజస్వరూపం

విదేశాలలో భారతీయుల మీద దాడి జరిగిందన్న వార్త పత్రికలో చదివినప్పుడు కన్నవారి గుండె ఝల్లుమంటుంది. ఆ భయం సహజం. అయితే భయాన్ని లెక్కతో సరిచూసుకోవడం చదువుకున్నవారి లక్షణం. 2024 జులైలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు కొన్ని వివరాలను సమర్పించింది. అంతకు ముందు 5 సంవత్సరాలలో విదేశాలలో 633 మంది భారతీయ విద్యార్థులు మరణించారు. సహజ కారణాలు, అనారోగ్యం, ప్రమాదాలు కూడా ఈ సంఖ్యలో చేరి ఉన్నాయి. దాడులలో ప్రాణాలు కోల్పోయినవారు 19 మంది. ఆ కాలానికి విదేశాలలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 13 లక్షలకు పైబడి ఉన్నారు.

పోయిన ఒక్కొక్క ప్రాణమూ ఒక్కొక్క ఇంటి దీపం. అందుచేత 19 అనే అంకెను చిన్నదిగా చూడరాదు. కాని ఈ లెక్క ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. తుపాకి పట్టిన ఆగంతకుని కంటె రహదారి ప్రమాదం, అశ్రద్ధ చేసిన జబ్బు వంటివే పెక్కు ప్రాణాలను తీస్తున్నాయి. ప్రాణం తీయకుండానే జీవితాన్ని చిందరవందర చేసే నేరాలు మరికొన్ని ఉన్నాయి. దొంగ ఉద్యోగం, దొంగ విశ్వవిద్యాలయం, దొంగ కొనుగోలుదారుడు - ఇవి పత్రికల పతాక శీర్షికలకు ఎక్కకుండానే కుటుంబాలను అప్పులపాలు చేస్తున్నాయి.

సియాటిల్‌లో ఆదోని విద్యార్థిని

కందుల జాహ్నవి ఆదోనికి చెందిన యువతి. ఉన్నత విద్య కోసం అమెరికా వెళ్ళి, నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయానికి సియాటిల్ నగరంలో ఉన్న ప్రాంగణంలో చదువుతుండేది. 2023 జనవరి 23వ తేదీ రాత్రి పాదచారులు దాటవలసిన చోటనే ఆమె రహదారిని దాటుతున్నది. అప్పుడు వేరొక అత్యవసర పిలుపు మీద వేగంగా వస్తున్న పోలీసు వాహనం ఆమెను ఢీకొన్నది. గంటకు 25 మైళ్ళు, అనగా సుమారు 40 కిలోమీటర్ల వేగ పరిమితి గల ఆ దారిలో వాహనం వేగం ఒక దశలో 74 మైళ్ళకు, అనగా సుమారు 119 కిలోమీటర్లకు చేరిందని దర్యాప్తులో తేలింది. జాహ్నవి మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 23 సంవత్సరాలు.

కొన్ని నెలల తరువాత, 2023 సెప్టెంబరులో మరొక విషయం వెలుగులోకి వచ్చింది. ఈ ఘటన గురించి వేరొక పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని దుస్తులకు అమర్చిన కెమెరాలో నమోదై ఉన్నాయి. ఆ యువతి ప్రాణానికి విలువ పరిమితమనీ, 11,000 డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందనీ అర్థం వచ్చే ఆ మాటలు విన్న సియాటిల్ ప్రజలు వీధులలోకి వచ్చి నిరసన తెలిపారు. భారత ప్రభుత్వం న్యాయమైన విచారణను కోరింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటర్, వాహనం నడిపిన అధికారిపై తీవ్రమైన నేరాభియోగం మోపడానికి తగిన ఆధారాలు లేవని ప్రకటించారు. నిర్లక్ష్యంగా వాహనం నడిపినందుకు అతనికి 5,000 డాలర్ల జరిమానా విధించారు. నవ్వుతూ మాట్లాడిన అధికారిని 2024 జులైలోను, వాహనం నడిపిన అధికారిని 2025 జనవరిలోను ఉద్యోగాల నుండి తొలగించారు. విశ్వవిద్యాలయం జాహ్నవికి మరణానంతరం పట్టాను ప్రదానం చేయాలని నిర్ణయించింది.

ఈ ఉదంతం మనకు రెండు విషయాలను బోధిస్తున్నది. మన దృష్టికి ఘోరమైన నేరంగా తోచినది మరొక దేశపు చట్టం దృష్టిలో నేరంగా నిలవకపోవచ్చు. ఏది నేరం, ఎంతటి నేరం అనే నిర్ణయం ఆ దేశపు చట్టానిదే. ఇది చేదు వాస్తవం. రెండవ విషయం కొంత ఊరట కలిగించేది. ఆ అధికారి మాటలు బయటపడడానికి కారణం అక్కడి పోలీసులే ధరించవలసిన కెమెరా. అతని ఉద్యోగం పోవడానికి కారణం ఆ మాటలను సహించని అక్కడి పౌరులు. నమోదైన సాక్ష్యం ఉన్నచోట కొంత ఆలస్యంగానైనా, కొంత అసంపూర్ణంగానైనా జవాబుదారీతనం వచ్చింది. అది లేనిచోట ఆ మాత్రమూ రాదు.

ద్వేషం - దానికి అడ్డు నిలిచిన చేయి

జాతి ద్వేషంతో జరిగే నేరాలు మరొక రకం. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఓలేథ పట్టణంలో ఒక ఆగంతకుడు ‘మా దేశం విడిచి పొండి’ అని అరుస్తూ కాల్పులు జరిపాడు. హైదరాబాదుకు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ మరణించగా, ఆయన మిత్రుడు గాయపడ్డాడు. అక్కడనే ఉన్న ఇయాన్ గ్రిలాట్ అనే అమెరికా యువకుడు హంతకుని పట్టుకోబోయి తానూ తూటాలకు గురై ప్రాణాలతో బయటపడ్డాడు. హంతకునికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. ఒకే గదిలో, ఒకే నిమిషంలో ద్వేషమూ మానవత్వమూ రెండూ కనిపించిన సంఘటన ఇది. ఒక వ్యక్తి దుర్మార్గాన్ని బట్టి ఒక దేశాన్నంతటినీ నిందించడం ఎంత పొరపాటో, ఆ ద్వేషం లేదని భావించి ఏమరుపాటుగా ఉండడమూ అంతే పొరపాటు.

నేరానికి నాంది స్వదేశంలోనే

పైన చెప్పిన సంఘటనలు పరాయి గడ్డ మీద పరాయివారి వల్ల జరిగినవి. కాని విదేశాలకు వెళ్ళేవారిని అధికంగా బాధిస్తున్న మోసాలు చాలావరకు స్వదేశంలో, స్వభాషలో, తెలిసినవారి మాటతోనే మొదలవుతున్నాయి. “అన్నా, నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, వీసా చేతికిస్తాడు, అక్కడ పని తేలిక” అన్న తీయని మాట ఈ మోసానికి తొలి మెట్టు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇటువంటి ముఠానొకదానిని ఛేదించారు. కంప్యూటరులో వివరాలు నమోదు చేసే ఉద్యోగమని ఆశచూపి యువకులను కంబోడియా దేశానికి పంపినట్లు దర్యాప్తులో వెల్లడైంది. అక్కడికి చేరగానే వారి పాస్‌పోర్టులను లాక్కొన్నారు. ఎత్తైన గోడల మధ్య బంధించి, ఫోను ద్వారా, అంతర్జాలం ద్వారా స్వదేశీయులనే మోసగించే పని చేయించారు. చేయనన్నవారిని హింసించారు. అదే నెలలో సిహనౌక్‌విల్ నగరంలో బందీలుగా ఉన్న భారతీయులు తిరగబడ్డారు. భారత రాయబార కార్యాలయం జోక్యం చేసుకొని పలువురిని స్వదేశానికి పంపింది. 2025 మార్చిలో మయన్మారులోని ఇటువంటి కేంద్రాల నుండి బయటపడిన 549 మంది భారతీయులను థాయిలాండ్ మీదుగా వాయుసేన విమానాలలో తీసుకువచ్చారు. మోసపోయినవాడే మోసగాడుగా మారవలసి రావడం ఈ కాలపు వింతైన విషాదం.

విద్య పేరిట జరిగే మోసమూ తక్కువది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమనే సంస్థ ఉండేది. 2011 జనవరిలో అధికారులు దానిపై దాడి చేయగా, చదువు నామమాత్రమనీ, వీసా కోసమే ప్రవేశాలు అమ్ముకొంటున్నదనీ బయటపడింది. అందులో చేరినవారిలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఎక్కువమంది. కొందరి కాళ్ళకు జాడ తెలిపే పరికరాలను తగిలించడం అప్పట్లో దేశమంతటా ఆవేదన కలిగించింది. సంస్థ యజమానురాలికి 2014లో 16 సంవత్సరాలకు పైగా శిక్ష పడింది. 2019లో వెలుగుచూసిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కథ ఇంకా విచిత్రమైనది. మోసాలను పట్టుకోవడానికి అమెరికా అధికారులే మిషిగన్ రాష్ట్రంలో స్థాపించిన బూటకపు సంస్థ అది. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అయినా వందలాది విద్యార్థులు చేరారు. వారిలోనూ తెలుగువారు అనేకులు. తెలిసి చేరినవారు కొందరైతే, దళారి మాట నమ్మి చేరినవారు కొందరు. చట్టం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది.

చట్టం ఇచ్చే రక్ష - అందులోని ఖాళీ

విదేశీ ఉపాధి కోసం మనుషులను చేర్చుకొనే ఏజెంటు 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు కావలసి ఉంటుంది. అతడు వసూలు చేయదగిన రుసుముకు పరిమితి ఉన్నది. 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే అతడు తీసుకోవాలి. లక్షలు అడిగినవాడు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాడని ఆ క్షణంలోనే గ్రహించవచ్చు. నమోదైన ఏజెంట్ల జాబితాను విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలు, మలేసియా మొదలైన కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే వలస అనుమతి తప్పనిసరి. వారి ఒప్పంద పత్రాన్ని, యజమాని వివరాలను అధికారులు పరిశీలిస్తారు. పదవ తరగతి దాటినవారికి సాధారణంగా ఈ పరిశీలన అవసరం లేదు. చదువుకున్నవాడు తన మేలు తానే చూసుకోగలడని చట్టం భావించింది. దళారికి కావలసినదీ అదే. ఇంటర్మీడియట్ చదువుతున్న మీరందరూ ఈ రెండవ కోవకు చెందినవారే. మీ కాగితాలను పరిశీలించే అధికారి ఎవరూ ఉండరు, పరిశీలించవలసినవారు మీరే.

వీసా రకాన్ని పరిశీలించడం ఇందులో మొదటి పని. సందర్శక వీసా మీద పంపి, అక్కడ ఉద్యోగపు వీసాగా మార్పిస్తామని చెప్పేవారిని నమ్మరాదు. గడువు దాటిన మరునాటి నుండి ఆ మనిషి అక్కడ చట్టవిరుద్ధంగా ఉన్నవాడవుతాడు. అటువంటివారిని గల్ఫ్‌లోని మనవారు ‘ఖల్లివెల్లి’ అంటారు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా అతడు పోలీసుల వద్దకు వెళ్ళడానికి జంకుతాడు. ఫిర్యాదు చేయలేని మనిషిని మించిన తేలికైన ఎర నేరగానికి దొరకదు.

బాధితుడే కాదు, నిందితుడూ కావచ్చు

విదేశాలలో నేరమనగానే మనం బాధితులమవుతామనే ఆలోచిస్తాము. నిందితులమయ్యే అవకాశమూ ఉన్నది. మన వంటింట్లో మసాలాకు వాడే గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా వంటి దేశాలలో నిషిద్ధ వస్తువు. అమ్మ ప్రేమతో కట్టి ఇచ్చిన పొట్లం విమానాశ్రయంలో మాదకద్రవ్యాల కేసుగా మారవచ్చు. ఇక్కడ వైద్యుడు రాసిచ్చిన కొన్ని నొప్పి మాత్రలకూ అక్కడ ముందస్తు అనుమతి అవసరం. “మావాడు అక్కడ ఉన్నాడు, ఈ పచ్చడి సీసా ఇవ్వు తమ్ముడూ” అని ఎవరైనా ఇచ్చిన మూటను విప్పి చూడకుండా తీసుకువెళ్ళడం మొహమాటం కాదు, ప్రాణాపాయం.

సిరిసిల్ల ప్రాంతపు కార్మికుల కథ ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. 2005లో దుబాయిలో నేపాల్‌కు చెందిన ఒక కాపలాదారు హత్యకు గురికాగా, ఆ కేసులో వీరికి దీర్ఘకాలపు జైలుశిక్ష పడింది. హతుని కుటుంబం పరిహారం స్వీకరించి క్షమిస్తే శిక్షను సడలించే పద్ధతి ఆ దేశాలలో ఉన్నది. ఆ కుటుంబానికి 2011లో సిరిసిల్ల శాసనసభ్యుడు కె. తారక రామారావు 15 లక్షల రూపాయలు అందజేసి, క్షమాపత్రాన్ని పొందారు. అయినా విడుదలకు మరెన్నో ఏళ్ళు పట్టింది. సుమారు 18 సంవత్సరాల నిర్బంధం తరువాత 2024 ఫిబ్రవరిలో ఐదుగురు ఇళ్ళకు చేరారు. వారు వెళ్ళేటప్పుడు పసిపిల్లలుగా ఉన్నవారు, తిరిగి వచ్చేనాటికి యువతీయువకులయ్యారు.

నిర్బంధంలో ఉన్న విదేశీయునికి అంతర్జాతీయ చట్టం ఒక హక్కును ఇచ్చింది. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, అతడు కోరితే అతని దేశపు దౌత్య కార్యాలయానికి ఆ సమాచారాన్ని తెలియజేయవలసి ఉంటుంది. తెలియని భాషలో రాసిన కాగితం మీద సంతకం చేయకపోవడం, దుబాసిని కోరడం, దౌత్య కార్యాలయానికి తెలపమని అడగడం - ఈ మూడూ ప్రతి ప్రయాణికుడూ కంఠస్థం చేయవలసిన విషయాలు.

వ్యాపారికి ఎదురయ్యే చిక్కులు

ఆదోని పత్తినో, ఎమ్మిగనూరు చేనేత వస్త్రాలనో విదేశీ విపణికి పంపదలచిన వ్యాపారికి ఎదురయ్యే నేరాలు వేరు. అక్కడ కత్తి కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. పరిచయం లేని సంస్థ నుండి పెద్ద మొత్తంలో సరుకు కావాలని ఉత్తరం వస్తుంది. ధర గురించి బేరం ఉండదు. ఒప్పందం నమోదుకనో, పన్నుకనో కొంత సొమ్ము ముందుగా పంపమంటారు. అది పంపగానే మరొక ఖర్చు పుట్టుకొస్తుంది. ఈ మోసానికి ‘419’ అని పేరు. నైజీరియా శిక్షాస్మృతిలో ఇటువంటి వంచనకు సంబంధించిన సెక్షన్ సంఖ్య నుండి వచ్చిన పేరది. బేరమాడని కొనుగోలుదారుని ఆదోని వ్యాపారి తన కొట్టులో అయితే అనుమానిస్తాడు. ఉత్తరంలోనూ అదే అనుమానం అవసరం.

రెండవ రకం మోసం ఇంకా సూక్ష్మమైనది. నేరగాడు వ్యాపారి ఈ-మెయిల్ ఖాతాలోకి రహస్యంగా చొరబడి, లావాదేవీలను చాలా రోజులు గమనిస్తాడు. సరుకు ఓడ ఎక్కి, డబ్బు రావలసిన సమయానికి, అచ్చం వ్యాపారి రాసినట్లే కొనుగోలుదారునికి ఉత్తరం రాస్తాడు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు సొమ్ము పంపండి’ అని అందులో ఉంటుంది. కొనుగోలుదారుడు నమ్మి పంపుతాడు. సరుకూ పోతుంది, సొమ్మూ పోతుంది. నిజాయితీపరులైన ఇద్దరు వ్యాపారులు ఒకరినొకరు దొంగలుగా అనుమానించుకొంటారు. ఖాతా మారిందన్న వార్త వచ్చినప్పుడు పాత ఫోను నంబరుకు మాట్లాడి నిర్ధారించుకోవడమే దీనికి విరుగుడు. ఆ ఉత్తరంలో ఉన్న నంబరుకు మాట్లాడితే మరల దొంగతోనే మాట్లాడినట్లవుతుంది.

ముఖపరిచయం లేని వర్తకానికి ప్రపంచం కనిపెట్టిన సాధనం లెటర్ ఆఫ్ క్రెడిట్ అనే బ్యాంకు హామీ పత్రం. నిర్ణీత పత్రాలను సమర్పిస్తే సొమ్ము చెల్లించే పూచీ కొనుగోలుదారుని బ్యాంకు వహిస్తుంది. అయితే బ్యాంకు సరుకును చూడదు, పత్రాలను మాత్రమే చూస్తుంది. అందులో ఒక్క తేదీ తప్పినా చెల్లింపు ఆగవచ్చు. కొనుగోలుదారుడు దివాలా తీస్తే కలిగే నష్టం నుండి ఎగుమతిదారుని కాపాడడానికి 1957లో భారత ప్రభుత్వం ఏర్పరచిన బీమా సంస్థ నేడు ఈ.సీ.జీ.సీ. అనే పేరుతో పనిచేస్తున్నది. విదేశీ కొనుగోలుదారుని ఆర్థిక స్థితిని గురించిన సమాచారమూ దాని ద్వారా లభిస్తుంది. ఈ రక్షణలకు కొంత ఖర్చవుతుంది. కాటా కూలికి వెనుదీసి కంటితో తూకం వేసే రైతు ఉండడు కదా!

అప్రమత్తత - ఆచరణ

ప్రయాణానికి ముందే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల నకళ్ళను ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి ఫోనులో ఉంచుకోవాలి. యజమాని చిరునామా, ఫోను నంబరు కుటుంబసభ్యులకు ఇవ్వాలి. చేరే విద్యాసంస్థకు గుర్తింపు ఉన్నదో లేదో ఆ దేశపు అధికారిక జాబితాలో చూసుకోవాలి. ఏజెంటుకు సొమ్మును చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారా చెల్లించి, రసీదు తీసుకోవాలి. రసీదు ఇవ్వనన్నవానికి రూపాయి కూడా ఇవ్వరాదు.

ఆపద కలిగితే ఆశ్రయించడానికి వ్యవస్థలు ఉన్నాయి. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ వెబ్‌సైటు ద్వారా బాధితుడు గాని, ఇక్కడి కుటుంబం గాని ఫిర్యాదును నమోదు చేయవచ్చు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి రాయబార కార్యాలయాలు అత్యవసర వసతికి, న్యాయ సహాయానికి, తిరుగు ప్రయాణానికి అర్హులకు తోడ్పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల కోసం ఏ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీ పనిచేస్తున్నది. అంతర్జాలం ద్వారా సొమ్ము పోగొట్టుకొన్నవారు దేశంలో ఎక్కడినుండైనా 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. గడిచిన ప్రతి గంటా సొమ్మును మరింత దూరం చేస్తుంది. ఏజెంటు మోసం ఇక్కడే మొదలైనప్పుడు ఇక్కడి పోలీసు స్టేషనులోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఇన్ని వ్యవస్థలున్నా చాలా ఫిర్యాదులు నమోదు కావు. దానికి కారణం సిగ్గు. అప్పు చేసి వెళ్ళినవాడు మోసపోయానని ఊరికి ఎలా చెప్పుకోవాలని మథనపడతాడు. ఫోనులో తల్లి “బాగున్నావా నాయనా?” అని అడిగితే “బాగున్నానమ్మా” అంటాడు. ఊరిలోవారు అతని మౌనాన్ని సుఖంగా భావించి, మరొక యువకుణ్ణి అదే ఏజెంటు వద్దకు పంపుతారు. ఇలా ఒకరి మౌనం మరొకరి మెడకు ఉచ్చవుతున్నది. మోసపోవడం నేరం కాదు, మోసగించడం నేరం. ఈ భేదాన్ని సమాజం గుర్తించి, తిరిగి వచ్చినవానిని ఎగతాళి చేయకుండా ఆదరిస్తే, అతని నోటి వెంట వచ్చే నిజమే ఊరికి రక్షణ అవుతుంది.

ముగింపు

పరదేశం పులిబోను కాదు, పూలపాన్పూ కాదు. అక్కడ చదివి పైకి వచ్చినవారు, నాలుగు రాళ్ళు సంపాదించి ఇక్కడ ఇల్లు కట్టుకొన్నవారు మన మధ్యనే ఉన్నారు. వెళ్ళవద్దని వారించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఆదోని రైతు తన పత్తిని కాటా మీద వేసి, ముల్లు నిలిచేదాకా కన్ను తిప్పడు. చీటీ చేతికి వచ్చేదాకా యార్డు విడిచి కదలడు. ఎంతో తెలిసిన కమీషన్ ఏజెంటు దగ్గరనే అతడంత జాగ్రత్త వహిస్తున్నాడు. ఏమీ తెలియని దేశానికి బయలుదేరే విద్యార్థి, కార్మికుడు, వ్యాపారి ఆ రైతు కంటె మరికొంత ఎక్కువ జాగ్రత్త వహించడం న్యాయమే కదా!

కఠిన పదాలకు అర్థాలు

ఎల్ల = సరిహద్దు, పొలిమేర
జాగరూకత = మెలకువ, జాగ్రత్త
ఆగంతకుడు = ముక్కు మొగం తెలియనివాడు
మజూరీ = నేసిన పనికి ఇచ్చే కూలి
ఉదంతం = వృత్తాంతం
నాంది = ప్రారంభం
దుబాసి = ఒకరి మాటను మరొకరి భాషలో చెప్పేవాడు
నిర్బంధం = బంధించి ఉంచడం
విపణి = అంగడి, మార్కెట్టు
వంచన = మోసం
పూచీ = హామీ, బాధ్యత
మథనపడు = లోలోపల బాధపడు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. విదేశాలకు వెళ్ళేవారికి ఎదురయ్యే మోసాలకు స్వదేశంలోనే నాంది పడుతున్నదని పాఠం ఆధారంగా నిరూపించండి.
2. విదేశీ వర్తకంలో జరిగే మోసాలను, వాటికి గల విరుగుడులను వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. సియాటిల్ ఉదంతం బోధించే రెండు విషయాలు ఏవి?
2. పదవ తరగతి ఉత్తీర్ణులు మరింత జాగ్రత్తగా ఉండవలసిన అవసరం ఏమిటి?
3. సిరిసిల్ల కార్మికుల కథను మీ సొంత మాటలలో రాయండి.
4. “ఒకరి మౌనం మరొకరి మెడకు ఉచ్చవుతున్నది” - ఈ వాక్యాన్ని సమర్థించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘సుగ్గికి పోవడం’ అనగా ఏమిటి?
2. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఎవరి కృషితో, ఎప్పుడు ఏర్పడింది?
3. ‘ఖల్లివెల్లి’ అని ఎవరిని అంటారు?
4. అంతర్జాలం ద్వారా సొమ్ము పోగొట్టుకొన్నవారు ఏ నంబరుకు ఫోను చేయాలి?